చేతికో బెల్: హ్యాండ్‌బెల్స్ మీద ప్లెయిన్ బాబ్ మైనర్ నేర్చుకోవడం ఎలా

హ్యాండ్‌బెల్స్ (చేత్తో పట్టుకుని మోగించే చిన్న గంటలు) మీద ఛేంజ్ రింగింగ్, అంటే గంటల్ని క్రమం మారుస్తూ వరసలుగా మోగించే విద్య, నేర్చుకుంటామని వచ్చేవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. మీ చేతుల్లో ఉన్నవి రెండు బెల్స్ కాదు, ఒక జత. ఆ జత ఎప్పుడు విడిపోతుంది, ఎంత ఎడంగా వెళ్తుంది, ఎక్కడ మళ్లీ దగ్గరపడుతుంది అన్నది పట్టుబడితే మెథడ్ (వరసల్ని నడిపించే సూత్రం) వచ్చినట్టే. అలా కాకుండా కుడిచేతి దారి వేరుగా, ఎడమచేతి దారి వేరుగా బట్టీపట్టి రెండింటినీ ఒకేసారి నడపాలని చూస్తే బుర్ర వేడెక్కడమే గానీ పని ముందుకు సాగదు. ఇక్కడ రాసేదంతా జతని జతగా నేర్చుకునే పద్ధతి గురించే.

నేనుండేది ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో. మాకు దగ్గర్లోనే ఆల్డ్‌బోర్న్ అనే పల్లెటూరుంది. రాబర్ట్ కోర్, విలియం కోర్ అనే అన్నదమ్ములు 18వ శతాబ్దం మొదట్లో అక్కడ శ్రుతి చేసిన హ్యాండ్‌బెల్స్ పోతపోసేవారు. చర్చి టవర్లో తాళ్లు లాగి పెద్ద బెల్స్ మోగించేవాళ్లు, ఊరందరి చెవులూ హోరెత్తించకుండా ఇంట్లో వెచ్చగా కూర్చుని సాధన చేసుకోవడానికి వీటిని వాడుకున్నారు. 1940 జూన్‌లో, శత్రుసైన్యం దిగితే హెచ్చరికగా తప్ప చర్చి బెల్స్ మోగించకూడదని బ్రిటన్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 1943 దాకా నడిచిన ఆ ఆంక్షల కాలంలో ఈ విద్యని నిలబెట్టిన వాటిలో హ్యాండ్‌బెల్స్ కూడా ఉన్నాయి. మన దేశంలో ఛేంజ్ రింగింగ్‌కి అమర్చిన బెల్స్ చూడాలంటే పుణె పంచ్ హౌద్‌లోని హోలీ నేమ్ చర్చికి వెళ్లాలి, అక్కడ ఎనిమిది బెల్స్ ఉన్నాయి. హ్యాండ్‌బెల్స్‌కి మాత్రం టవర్ అక్కర్లేదు. ఆరు బెల్స్, మూడు కుర్చీలు, ముగ్గురు మనుషులు చాలు.

ఛేంజ్ రింగింగ్‌లో పాట ఉండదు. సన్నటి స్వరం నుంచి బొంగురు స్వరం దాకా 1 2 3 4 5 6 అని వరసగా మోగిస్తే దాన్ని రౌండ్స్ అంటారు. అన్నిటికన్నా సన్నది 1, దాని పేరు ట్రెబుల్. అన్నిటికన్నా బరువైనది 6, అది టెనర్. రౌండ్స్ కుదిరాక ఒక్కో వరసకీ క్రమం మారుతూ పోతుంది. ఒక వరసలో ప్రతి బెల్ ఒక్కసారే మోగాలి. ఏ బెల్ అయినా వరసకి ఒక్క స్థానమే జరగాలి, లేదా ఉన్నచోటే ఉండాలి. ఒకసారి మోగిన వరస మళ్లీ రాకూడదు. ఆరు బెల్స్‌తో మొత్తం 720 వరసలు వస్తాయి. కాగితం చూడకుండా ఇలాంటి వరసల్ని నడిపించే సూత్రాన్ని మెథడ్ అంటారు. ఆరు బెల్స్ మీదైతే దాని పేరు చివర మైనర్ అని చేరుస్తారు. అందరూ మొదట నేర్చుకునేది ప్లెయిన్ బాబ్ మైనర్.

ముందు పట్టు సంగతి చూద్దాం. హ్యాండ్‌బెల్ పిడి తోలు పట్టీతో చేసిన ఉంగరంలా ఉంటుంది. లోపలి నాలుక అన్ని వైపులా ఊగదు, ఒకే గీత మీద అటూ ఇటూ కదులుతుంది. పిడి పక్కకి తిప్పి పట్టుకుంటే ఎంత ఊపినా సరిగ్గా మోగదు. అందుకే మొదలుపెట్టే ముందు బెల్‌ని మెల్లగా పైకీ కిందకీ కదిపి, నాలుక మీ మణికట్టు కదిలే దిశలోనే కదులుతోందా లేదా చూసుకోండి. పైకి విసిరే దెబ్బ హ్యాండ్‌స్ట్రోక్, కిందికి విసిరేది బ్యాక్‌స్ట్రోక్. రెండూ మణికట్టుతో చేసే చిన్న విదిలింపులే. మోచెయ్యి కదిలిందంటే దెబ్బ ఆలస్యం అవుతుంది. విదిలించిన చెయ్యి అక్కడే ఆగిపోవాలి, తన వంతు వచ్చేదాకా కదలకూడదు. ఈ ఆగడం దగ్గరే కొత్తవాళ్లకి కష్టం, పైన ఉన్న చెయ్యి తనంతట తానే జారిపోతూ ఉంటుంది. రెండు చేతులూ ఎప్పుడూ ఒకే దెబ్బ మీద ఉండాలన్నది గట్టిగా పట్టుకోండి. ఒక వరసలో కుడి పైకి వెళ్తే ఎడమ కూడా పైకే వెళ్తుంది, తర్వాతి వరసలో రెండూ కిందికి వస్తాయి. వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మారుతుంది గానీ పైకీ కిందికీ వెళ్లడం మారదు.

కుర్చీలు ముక్కోణంగా వేసుకుని ఒకరికొకరు ఎదురుగా కూర్చోండి. మధ్యలో టేబుల్ వద్దు. జతలో సన్నటి బెల్ కుడిచేతిలో, బరువైనది ఎడమచేతిలో. 1-2 పట్టుకున్నవాళ్లకి ఎడమపక్కన 3-4, వాళ్లకి ఎడమపక్కన 5-6. అప్పుడు రౌండ్స్ గడియారం ముల్లు తిరిగే దిశలో చేతి నుంచి చేతికి సాగిపోతాయి. ట్రెబుల్ పట్టుకున్న మనిషి "లుక్ టు, ట్రెబుల్స్ గోయింగ్, షీ ఈజ్ గాన్" అని మొదలుపెడతారు. రెండు వరసలు అయ్యాక, తర్వాతి హ్యాండ్‌స్ట్రోక్‌కి ముందు ఒక దెబ్బంత ఖాళీ వదలడం రివాజు. అంటే పన్నెండు దెబ్బలు, ఒక ఖాళీ, కలిపి 13. మృదంగమో గాత్రమో నేర్చుకున్నవాళ్లు దీన్ని ఆది తాళంలోకి లాగెయ్యకుండా 13నే లెక్కపెట్టుకుంటే ఆ ఖాళీ రెండు మూడు నిమిషాల్లో ఒంటబడుతుంది. రౌండ్స్ తీరుగా వచ్చేదాకా ముందుకు వెళ్లకండి. వరసలు తప్పకపోయినా దెబ్బలు ఎగుడుదిగుడుగా పడుతుంటే అది వినడానికి బాగుండదు, పక్కవాళ్లకి తమ చోటు కూడా తెలియదు.

ఏ జతతో మొదలుపెట్టాలి? నా ఓటు 5-6కే. చాలామంది 1-2 ఇస్తారు, ట్రెబుల్ దారి తేలిక కాబట్టి. కానీ 1-2 పట్టుకుంటే రెండు చేతుల మధ్య ఎడం ప్రతి లీడ్‌కీ (మెథడ్‌లో పన్నెండు వరసల భాగాన్ని లీడ్ అంటారు) మారిపోతుంది. 5-6కి అలా కాదు. ఐదు లీడ్స్‌లో నాలుగింట్లో అదే నడక.

ఆ నడక పేరు ప్లెయిన్ హంట్. వరసలు ఇవి:

123456
214365
241635
426153
462513
645231
654321
563412
536142
351624
315264
132546
123456

జడ కోలాటం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకరి లోపలి నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు అల్లుకుంటూ వెళ్లి మళ్లీ మొదటికి వస్తారు. ప్రతి బెల్ ముందుకి వచ్చి అక్కడ రెండు దెబ్బలు కొట్టి, వెనక్కి వెళ్లి అక్కడ రెండు దెబ్బలు కొట్టి తిరిగి వస్తుంది. ముందు స్థానంలో మోగడాన్ని లీడ్ చెయ్యడం అంటారు.

ఇప్పుడు 5, 6 మాత్రమే చూడండి. కుడిచేతి స్థానం ముందు, ఎడమచేతి స్థానం తర్వాత రాస్తున్నాను. రౌండ్స్‌లో (5,6). తర్వాత (6,5), (6,4), (5,3), (4,2), (3,1), (2,1), (1,2), (1,3), (2,4), (3,5), (4,6), మళ్లీ (5,6). అంకెలు చదివితే బెదురుగా ఉంటుంది గానీ చేతులకి ఇందులో ఉన్నది చాలా తక్కువ. ముందుకి వస్తున్నంతసేపూ ఎడమ, మధ్యలో వేరేవాళ్ల బెల్ ఒకటి, తర్వాత కుడి. లీడ్ దగ్గర రెండూ పక్కపక్కన పడతాయి, ఒకసారి ఎడమ-కుడి, ఒకసారి కుడి-ఎడమ. ఇక వెనక్కి వెళ్తున్నంతసేపూ కుడి, మధ్యలో ఒకటి, ఎడమ. చివర మళ్లీ పక్కపక్కన, ఒకసారి కుడి-ఎడమ, ఒకసారి ఎడమ-కుడి. అంతే. రెండు బెల్స్ ఇలా ఒకదాని వెంట ఒకటి నడవడాన్ని కోర్సింగ్ అంటారు. నోటితో "ఎడమ, ఒకరు, కుడి" అనుకుంటూ మోకాళ్ల మీద తట్టండి. టీవీ చూస్తూ కూడా తట్టగలిగినప్పుడు బెల్స్ పట్టుకోండి.

ప్లెయిన్ బాబ్ మైనర్‌కి, ఈ ప్లెయిన్ హంట్‌కి తేడా ఒక్కచోటే ఉంది. పైన 132546 దాకా రెండూ ఒకటే. అక్కడ ట్రెబుల్ లీడ్ చేస్తోంది. ప్లెయిన్ హంట్ అయితే తర్వాత రౌండ్స్ వచ్చేస్తాయి, ఆట అయిపోతుంది. అలా కాకుండా, ట్రెబుల్ లీడ్‌లో రెండో దెబ్బ కొట్టేటప్పుడు రెండో స్థానంలో ఉన్న బెల్ అక్కడే ఆగిపోతుంది. దాన్ని సెకండ్స్ చెయ్యడం అంటారు. ముందు ఇద్దరూ కదలకపోతే వెనక నలుగురికి దారేది? మూడు, నాలుగు స్థానాల వాళ్లు ఒకరితో ఒకరు, ఐదు, ఆరు స్థానాల వాళ్లు ఒకరితో ఒకరు చోటు మార్చుకుంటారు. అంటే ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ తమ దారిన పోతారు. ఇది డాడ్జ్. కాబట్టి 132546 తర్వాత 135264 వస్తుంది. అక్కడి నుంచి కొత్త లీడ్ మొదలు. ఇలా పన్నెండేసి వరసల లీడ్స్ ఐదు, మొత్తం 60 వరసలు తిరిగితే రౌండ్స్‌కి వస్తాం. దాన్ని ప్లెయిన్ కోర్స్ అంటారు. ఇక మీరు నేర్చుకోవాల్సింది ఐదు లీడ్స్ చివర్లలో ఏం జరుగుతుంది అన్నదే.

మొదటి లీడ్ చివర: (3,5), (4,6), (3,5), (4,6). రెండు చేతులూ వెనక్కి వెళ్తూ వెళ్తూ, మధ్యలో ఒకరిని ఉంచుకునే, కలిసి ఒకడుగు ముందుకొచ్చి మళ్లీ వెనక్కి వెళ్తాయి. చేతులకి ఇది డాడ్జ్‌లా కూడా అనిపించదు, "కుడి, ఒకరు, ఎడమ" అనే అదే దరువు మామూలు కంటే రెండుసార్లు ఎక్కువ వస్తుంది. ఆ తర్వాత (5,6), (6,5) అని మామూలు ప్లెయిన్ హంట్.

రెండో లీడ్ చివర: (1,3), (2,4), (2,3), (1,4). ఇక్కడ కుడిచెయ్యి సెకండ్స్ చేసి మళ్లీ లీడ్‌కి వస్తుంది, ఎడమచెయ్యి మూడు-నాలుగు స్థానాల్లో డాడ్జ్ చేసి వెనక్కి పోతుంది. ఈ (2,3) దగ్గర చేతులు పక్కపక్కన పడతాయి, మరుక్షణం (1,4) అని ఎడంగా వెళ్లిపోతాయి. జత మొదటిసారి విడిపోయేది ఇక్కడే. టెన్షన్ పుట్టేదీ ఇక్కడే.

ఎందుకు విడిపోతుందంటే, మూడో లీడ్‌లో ట్రెబుల్ మీ రెండు బెల్స్ మధ్యకి వచ్చి నడుస్తుంది. మిగతా లీడ్స్ అన్నిట్లో ఆరో బెల్ వెంటే ఐదో బెల్ వెళ్తుంది. ఈ ఒక్క లీడ్‌లో ఆరో బెల్ వెనక ట్రెబుల్, ట్రెబుల్ వెనక ఐదో బెల్. అందుకే ఎడం పెరుగుతుంది. నడక ఇది: (2,3), (1,4), (1,5), (2,6), (3,6), (4,5), ఆ తర్వాత (5,4), (6,3), (6,2), (5,1), (4,1), (3,2). ఒకసారి నిదానంగా చూడండి. రెండో సగం మొదటి సగానికి అద్దంలో బొమ్మ. వెనక నుంచి చదువుతూ కుడి ఎడమలు మార్చుకుంటే అదే వస్తుంది. కాబట్టి నేర్చుకోవాల్సింది ఆరు మెట్లే. (4,5), (5,4) దగ్గర మీ రెండు చేతులూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. సరిగ్గా ఆ రెండు దెబ్బలప్పుడూ ట్రెబుల్ అందరికన్నా వెనక, ఆరో స్థానంలో ఉంటుంది. వరస చివర ట్రెబుల్ సన్నగా వినిపిస్తోందంటే మీరు సరిగ్గానే ఉన్నట్టు. ఈ లీడ్‌ని మిగతా నాలుగింటికన్నా ఎక్కువసేపు తట్టండి. నేనైతే నేర్పేటప్పుడు రౌండ్స్ నుంచి మొదలుపెట్టించను, మూడో లీడ్ ఒక్కదాన్నే విడదీసి మళ్లీ మళ్లీ కొట్టిస్తాను.

దాని చివర: (4,1), (3,2), (4,2), (3,1). ఇప్పుడు సెకండ్స్ ఎడమచేతి వంతు, కుడిచెయ్యి ముందుకి వస్తూ మూడు-నాలుగులో డాడ్జ్ చేస్తుంది. (3,1) రాగానే ఊపిరి పీల్చుకోవచ్చు, జత మళ్లీ కోర్సింగ్‌లో పడింది. నాలుగో లీడ్ చివర (6,4), (5,3), (6,4), (5,3): మొదటి లీడ్ చివర చేసిందే, ఈసారి ముందుకి వస్తూ. ఐదో లీడ్ చివర (4,6), (5,6), (6,5), (5,6): మీ రెండు బెల్సే ఒకదానితో ఒకటి డాడ్జ్ చేసుకుంటాయి, రౌండ్స్ వచ్చేస్తాయి, కండక్టర్ (మోగిస్తూనే మిగతావాళ్లకి పిలుపులు ఇచ్చే మనిషి) "దట్స్ ఆల్" అంటారు.

ఇంటి దగ్గర సాధన. 60 వరసలూ మీ చేత్తో, చూడకుండా రాయండి. ప్రింట్ తీసుకున్న కాగితం ఎంత చూసినా, రాసినంత గుర్తుండదు. రాశాక 5 మీదుగా ఒక రంగు పెన్సిల్‌తో, 6 మీదుగా ఇంకో రంగుతో గీత గీయండి. రెండు గీతల మధ్య జాగా ఎక్కడ సన్నబడుతోంది, ఎక్కడ వెడల్పవుతోంది చూడండి. మూడో లీడ్ దగ్గర బొమ్మ ఎలా విచ్చుకుంటుందో ఒకసారి కంటికి పడితే చేతులకి అదే దారి చూపిస్తుంది. మనుషులు దొరక్కపోతే 2020 లాక్‌డౌన్‌లో మొదలైన రింగింగ్ రూమ్ ఉంది, ఉచితం. కంప్యూటర్ మీద రెండు కీలు మీ రెండు చేతులవుతాయి. వీట్లీ అనే ప్రోగ్రామ్‌ని అందులోకి పిలిస్తే మిగతా నాలుగు బెల్స్ అది మోగిస్తుంది. ఎక్కడున్నవాళ్లయినా ఇలా సాధన చెయ్యొచ్చు, కాకపోతే మణికట్టు పని మాత్రం బెల్స్ పట్టుకున్నాకే వస్తుంది. కొత్త బెల్స్ సెట్ ఖరీదు చాలా ఎక్కువ. కొనకండి. ఇంగ్లండ్‌లో ఉంటే దగ్గర్లోని టవర్ వాళ్లని అడగండి, చాలా టవర్ల బీరువాల్లో ఒక పాత సెట్ ఉంటుంది. మతం, దేశం ఎవరూ అడగరు. మా టవర్ కెప్టెన్ నన్ను మొదట అడిగింది గురువారం సాయంత్రాలు ఖాళీయేనా అని మాత్రమే.

ముగ్గురూ కూర్చున్నాక దారి తప్పితే ఏం చెయ్యాలి? చేతులు ఆపొద్దు. రెండు చేతులూ పైకి, రెండు చేతులూ కిందికి అన్న లయ సాగనివ్వండి, చోటు తప్పైనా సరే. చెవి ట్రెబుల్ మీద పెట్టండి. ట్రెబుల్ ముందుకి వచ్చి రెండు దెబ్బలు కొట్టిందంటే లీడ్ అయిపోయింది, కొత్త లీడ్ మొదలైంది. కండక్టర్ ఆ క్షణంలో "ఫైవ్ సెకండ్స్" అనో "సిక్స్ త్రీ-ఫోర్ అప్" అనో (అంటే ఐదో బెల్ సెకండ్స్ చెయ్యాలనో, ఆరో బెల్ మూడు-నాలుగులో డాడ్జ్ చేసి వెనక్కి పోవాలనో) చెప్తారు, అక్కడ ఎక్కేయొచ్చు. చేతులు ఆగిపోతే మాత్రం ఎవరు చెప్పినా ఎక్కడానికి చోటుండదు. పక్కవాళ్ల చేతుల్ని చూసి కొట్టడం కూడా వద్దు. కంటికి కనిపించాక విదిలిస్తే అప్పటికే ఆలస్యం. వరసలో మీది ఎన్నో దెబ్బో చెవితో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.

ప్లెయిన్ కోర్స్ తడబడకుండా వచ్చాక కుర్చీ మారండి. 1-2 పట్టుకోండి, ఆ తర్వాతే 3-4. ఆ జత గట్టిది, ఎందుకంటే 3, 4 ఒక్క లీడ్‌లో కూడా కోర్సింగ్ చెయ్యవు. అయితే మీరు 5-6 మీద మూడో లీడ్‌లో కష్టపడి నేర్చుకున్న ఆ ఎడమే 3-4 జతకి ఐదింట మూడు లీడ్స్‌లో ఉంటుంది, కాబట్టి అది వృథా పోదు. మిగతా రెండు లీడ్స్‌లో రెండు చేతుల స్థానాలు కలిపితే ఎప్పుడూ 7 వస్తుంది: (3,4), (4,3), (5,2), (6,1) ఇలా. కుడి ఎంత వెనక ఉంటే ఎడమ అంత ముందుంటుంది. ఇది మెదడుకి తేలిక, చేతులకే కొత్త.

60 వరసలు దాటి వెళ్లాలంటే కండక్టర్ మధ్యలో "బాబ్" అని పిలవాలి. అప్పుడు రెండో స్థానం బదులు నాలుగో స్థానంలోని బెల్ ఆగిపోతుంది. సెకండ్స్ చెయ్యాల్సిన బెల్ ఆగకుండా వెనక్కి పోతుంది. మూడు-నాలుగులో డాడ్జ్ చేసి ముందుకి రావాల్సింది డాడ్జ్ మానేసి నేరుగా లీడ్‌కి వస్తుంది. మూడు-నాలుగులో డాడ్జ్ చేసి వెనక్కి వెళ్లాల్సిన బెల్ నాలుగో స్థానంలో రెండు దెబ్బలు కొట్టి ముందుకి తిరుగుతుంది. ఐదు-ఆరులో డాడ్జ్ చేసేవాళ్లకి ఏ మార్పూ లేదు. బాబ్స్ ఎన్ని పిలిచినా 360 వరసల దగ్గర ఆగిపోతాం. మొత్తం 720 రావాలంటే "సింగిల్" కావాలి. అందులో సెకండ్స్ చేసే బెల్ ఎప్పటిలాగే చేస్తుంది, మూడు, నాలుగు స్థానాల్లో ఉన్నవి కూడా చోటు మార్చుకోకుండా ఎక్కడివక్కడే ఆగుతాయి. 720కి ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. అది రెండు మూడుసార్లు తప్పుల్లేకుండా వచ్చాక 1,260 వరసల క్వార్టర్ పీల్‌కి ఒక సాయంత్రం ఖాళీ పెట్టుకోమని మీ కండక్టర్‌ని అడగండి, 5-6 మీకే ఇమ్మనండి.